ఇంటి చుట్టూ కందిరీగలు: సీసా బోను కట్టే పద్ధతి, జాగ్రత్తలు

(షోలాపూరులో మన యూనియన్ కార్యాలయంలో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదిలో మనం కూర్చున్నామంటే మజూరీ గురించో, బోనస్ గురించో, పనిగంటల గురించో మాట్లాడుకుంటాం. ఈ రోజు అవేవీ కావు. కందిరీగల గురించి మాట్లాడమని మన ఆడవాళ్ళే అడిగారు. పోయిన నెల చందా వసూలుకు మేము గల్లీల్లో తిరుగుతున్నప్పుడు, గుమ్మంలో బీడీలు చుట్టుకుంటున్న ఒక అక్క చేయి చాపి చూపించింది. వేళ్ళ నుంచి మోచేతి దాకా వాచి ఉంది. "గేటు ముందర గంట సేపు భాషణం ఇస్తరు గదా అన్నా, దీని గురించి ఒక్క మాట చెప్పరాదా?" అంది. ఆ చేయి వాచిన నాలుగు రోజులూ ఆమె బీడీ చుట్టలేదు. చుట్టకపోతే ఆ ఇంట్లోకి డబ్బు రాదు. కాబట్టి ఇది మన యూనియన్‌లో మాట్లాడుకోదగ్గ విషయమే.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా మీకు బుద్ధులు చెప్పే అర్హత మాకు లేదు.

1997లో దసరా వెళ్ళిన వారం. అప్పుడు మేము మిల్లులో రాత్రి షిఫ్టు చేస్తున్నాం. మా రేకుల ఇళ్ళ వరుస చివర పాత రాతి గోడ ఉండేది. ఆ గోడ సందులో పెద్ద కందిరీగలు గూడు పెట్టాయి. పిల్లలు ఆ పక్కకు వెళ్ళాలంటే భయపడేవారు. గల్లీకి మొనగాళ్ళం మేమే అనుకున్నాం. షిఫ్టు దిగి వచ్చి, పట్టపగలు పదకొండు గంటలప్పుడు, పనికిరాని నూలు వెదురు కర్రకు చుట్టి, కిరోసిన్‌లో ముంచి, అగ్గిపుల్ల గీసి నిచ్చెన ఎక్కాం. కింద నిచ్చెన పట్టుకున్నది పక్కింటి బావ. మంట గూటికి అందేలోపలే లోపల ఉన్నవన్నీ బయటికి వచ్చేశాయి. మేము పైనుంచి దూకి పరుగెత్తాం. మేము ఎక్కడ పడిపోతామో అని బావ మాత్రం చివరిదాకా నిచ్చెన వదలలేదు. ఆయనకు మెడ మీద, చెవి వెనక నాలుగు చోట్ల కుట్టాయి. కాగడా పోయి పక్కింటివాళ్ళ కట్టెల మోపు మీద పడింది. సగం గల్లీ మంట ఆర్పడానికి బిందెలతో పరుగెత్తింది.

బావను అరుగు మీద కూర్చోబెట్టాం. ఆకువక్కల డబ్బీలోంచి సున్నం తీసి రాశాం. "కందిరీగే గద బావా, ఏమైతది, జర సేపు కూసో, తగ్గుతది" అన్నది మేమే. పది నిమిషాలకు ఆయన ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. తర్వాత పెదవులు వాచాయి. గొంతు బొంగురుపోయింది. మేము ఇంకా సున్నమే రాస్తున్నాం. అప్పుడు ఇంట్లోంచి వదిన వచ్చి ఆయన మొహం చూసింది. మా చేతిలోని డబ్బీ గుంజుకొని అవతల పారేసింది. "మీ మందు సాలు, ఆటో పిలువుండ్రి" అంది. ఆసుపత్రిలో డాక్టరు తొడకు సూది వేసి, బావకు ఊపిరి నిలదొక్కుకున్నాక మా వైపు తిరిగి, "ఇంకో పావుగంట ఆగి ఉంటే" అని అంతటితో ఆపేశాడు.

ఆ బావ ఇవాళ మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. నవ్వుతున్నాడు కూడా. పక్కన వదిన మాత్రం నవ్వడం లేదు.

ఆ రోజు మేము చేసిన తప్పులు నాలుగు. అది ఏ జాతి ఈగో తెలుసుకోలేదు. పట్టపగలు గూటి జోలికి వెళ్ళాం. నిప్పు పెట్టాం. కుట్టిన మనిషిని కూర్చోబెట్టి సున్నం రాస్తూ కాలం గడిపాం. ఈ రోజు చెప్పబోయేదంతా ఆ నాలుగు తప్పుల నుంచి నేర్చుకున్నదే.

ముందు ఈగను గుర్తు పట్టండి

మన ఇళ్ళ చుట్టూ కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. మూడింటికీ ఒకే మందు లేదు.

మొదటిది కుమ్మరి పురుగు. నడుము దారంలా సన్నగా ఉంటుంది. తడి మట్టి ఉండలు తెచ్చి గోడ మూలల్లో, తలుపు సందుల్లో, ఒక్కోసారి దండెం మీది చొక్కా మడతలో కూడా మట్టి గూడు కడుతుంది. పురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ రొద చేసి, దాన్ని తనలాగే మార్చుకుంటుందని పెద్దలు చెప్పేవారు. భ్రమరకీటక న్యాయం అంటే అదే. నిజానికి జరిగేది వేరు. ఇది గొంగళి పురుగునో, సాలీడునో కుట్టి కదలకుండా చేసి గూట్లో పెడుతుంది. దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలు వచ్చాక బయటికి వస్తుంది. ఇది ఒంటరిగా బతికే జీవి. చేత్తో పట్టుకుంటే తప్ప మనిషిని కుట్టదు. దీనికి బోను అక్కరలేదు. ఖాళీ అయిన మట్టి గూడును గోకి పారేస్తే చాలు.

రెండోది సన్న కందిరీగ. రేకుల చూరు కింద, కిటికీ మూలల్లో, కరెంటు మీటరు పెట్టెలో చిన్న గొడుగులా వేలాడే గూడు దీనిదే. అరలన్నీ కింది నుంచి బయటికే కనిపిస్తాయి. ఎండిన కట్టెను గీకి, నమిలి, ఉమ్మితో కలిపి కాగితం లాంటిది తయారు చేసి ఆ గూడు కడుతుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ అనే శాస్త్రవేత్త ఈ రకంలోని ఒక జాతిని దశాబ్దాల తరబడి పరిశీలించారు. మనం చెప్పుతో కొట్టి పారేసే గూటి వెనుక అంత చదువు ఉంది. ఈ ఈగ మన పెరట్లో కరివేపాకు, నిమ్మ, వంగ మొక్కల మీది గొంగళి పురుగులను పట్టుకుపోయి పిల్లలకు పెడుతుంది. ఆ విధంగా మనకు మేలే చేస్తుంది. గూడు కదిలితే మాత్రం కుడుతుంది. తీపి సీసాలోకి ఇది పెద్దగా రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. సన్న కందిరీగల కోసం బోను కట్టి, "ఒక్కటీ పడలేదు" అని మమ్మల్ని అడగవద్దు.

మూడోది పెద్ద కందిరీగ. అంగుళం దాకా పొడవుంటుంది. ఒళ్ళు ఎర్రటి గోధుమ రంగు, పొట్ట మీద పసుపు పట్టీ. చెరుకు రసం బండి చుట్టూ, మిఠాయి దుకాణంలో, మటన్ కొట్టు దగ్గర, పగిలిన ద్రాక్ష గుత్తుల మీద, నోరు తెరిచిన దానిమ్మ పండు మీద కనిపించేది ఇదే. గూడు మాత్రం కంటికి కనిపించదు. గోడ సందుల్లో, చెట్టు తొర్రల్లో, నేలలో ఎలుకలు వదిలిన బొరియల్లో ఉంటుంది. మూతపడిన మిల్లుల పాత రాతి గోడలు వీటికి చక్కగా పనికొస్తాయి. 1997లో మేము కాగడా చూపించింది దీనికే. మన మరాఠీ ఇరుగుపొరుగు వాళ్ళు కందిరీగను గాంధీల్ మాశీ అంటారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏ రకమో రూపం చెప్పి అడగండి.

ఇంకొక సంగతి. కుట్టేవి ఆడ ఈగలే. మన తేనెటీగ మనిషిని కుడితే ముల్లు చర్మంలోనే దిగబడి, అది చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు అలా ఇరుక్కోదు. ఒకటే ఈగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. గూటి దగ్గర ఒకదాన్ని నలిపితే ఆ వాసన పట్టుకొని మిగతావి లేస్తాయి. అందుకే ఒళ్ళు మీద వాలితే కొట్టవద్దు. నెమ్మదిగా ఊది, పక్కకు జరగండి.

మన గుమ్మానికి ఎందుకు వస్తాయి

బోను కట్టే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. వాటికి కావలసినవి మూడు: నీళ్ళు, తీపి, మాంసం.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. పాదరసం 40 డిగ్రీలు దాటాక బయట ఎక్కడా తడి ఉండదు. బీడీ ఆకు నానబెట్టిన నీళ్ళు, ఆకు మీద కప్పిన తడి గోనె మన గుమ్మంలోనే ఉంటాయి. కందిరీగ ఆ తడి కోసం వస్తుంది. చూడకుండా ఆకు కట్ట మీద చేయి వేసిన అక్కకు కుడుతుంది. కాబట్టి ఆకు తడిపిన గిన్నె మీద మూత పెట్టండి. గోనెను ఒకసారి దులిపి, చూసి చేయి పెట్టండి. ఇంటికి దూరంగా, ఎవరూ తిరగని చోట ఒక మట్టి మూకుడులో రెండు రాళ్ళు వేసి నీళ్ళు పోసి పెట్టండి. కొన్నయినా అటు పోతాయి. దోమలు గుడ్లు పెట్టకుండా ఆ నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి.

బెల్లం డబ్బా, చక్కెర డబ్బా మూత గట్టిగా ఉండాలి. మామిడి టెంకలు, అరటి తొక్కలు, చేప పొట్టలు గుమ్మం పక్కన తెరిచి వేయవద్దు. చెత్త డబ్బాకు మూత ఉండాలి. పెరట్లో చెట్టు కింద రాలి కుళ్ళిన జామపండ్లు ఏ రోజువి ఆ రోజే ఏరి పూడ్చండి. ఇవన్నీ అలాగే వదిలేసి నాలుగు సీసాలు వేలాడదీస్తే ప్రయోజనం లేదు. కుళ్ళిన జామపండు కంటే మన సీసా ఏమంత రుచిగా ఉండదు.

సీసా బోను కట్టే పద్ధతి

ఇప్పుడు అసలు పని. కావలసినవి: ఒక లీటరు గానీ రెండు లీటర్లు గానీ పట్టే కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా, కత్తెర, ఒక మేకు, గట్టి నూలు తాడు. నూలు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సీసా కడిగి మూత తీసేయండి. మెడ కింద భుజం పూర్తయి, సీసా నిటారుగా మొదలయ్యే చోట చుట్టూ కోయండి. పై ముక్కను తలకిందులు చేసి, మూతి కిందికి ఉండేటట్టు కింది ముక్కలో దించండి. గరాటులాగా కూర్చుంటుంది. రెండు అంచులూ కలిసిన చోట పట్టీ అంటించండి. పట్టీ లేకపోతే కాల్చిన మేకుతో నాలుగు వైపులా రంధ్రాలు చేసి నూలుతో కుట్టేయండి. అంచుల మధ్య సందు ఉంటే ఈగ అందులోంచి బయటపడుతుంది. ఎదురెదురుగా మరో రెండు రంధ్రాలు చేసి వేలాడదీసే తాడు కట్టండి. గరాటు లోపలి వైపు వేలితో కాస్త నూనె పూస్తే కాలు జారుతుంది.

ఇది ఎందుకు పని చేస్తుందంటే, వాసన పట్టుకొని వెడల్పు వైపు నుంచి లోపలికి దిగడం దానికి సులభం. తిరిగి బయటికి రావాలంటే నడిమధ్యలో ఉన్న చిన్న మూతిని వెతుక్కోవాలి. అది వెలుతురు కనిపించే పక్కల వైపే కొట్టుకుంటుంది. అలసిపోయి నీళ్ళలో పడుతుంది.

ఇక ఎర. టీ గ్లాసు నిండా నీళ్ళు, చిన్న గుప్పెడు బెల్లం, బాగా మాగిన అరటిపండు ముక్క. కలిపి ఒక రోజు మూతపెట్టి ఉంచితే పులుస్తుంది. పులిసిన వాసనే దానికి ఇష్టం. తర్వాత సిర్కా, అంటే కిరాణా కొట్టులో దొరికే వెనిగర్, రెండు చెంచాలు పోయండి. చివర అర చెంచా బట్టల సబ్బు పొడి వేసి కలపండి. సీసాలో రెండు వేళ్ళ లోతు పోస్తే చాలు. గరాటు మూతికి, నీళ్ళకు మధ్య కనీసం మూడు వేళ్ళ ఎడం ఉండాలి.

సిర్కా ఎందుకని కొందరు అడుగుతారు. మేము మొదటి ఏడాది సిర్కా లేకుండానే పెట్టాం. తెల్లారి చూస్తే సీసాలో కందిరీగలు మూడు, తేనెటీగలు లెక్కలేనన్ని. వదిన చూసి "మళ్ళీ మొదలుపెట్టినవా" అంది. తేనెటీగలు మనకు శత్రువులు కావు. ఈ జిల్లా దానిమ్మ తోటల్లో పూత మీద తిరిగి కాయ నిలవడానికి సాయపడేది అవే. సిర్కా పులుపు వాసనకు తేనెటీగ దూరంగా ఉంటుంది, కందిరీగ లెక్కచేయదు. సబ్బు ఎందుకంటే, అది లేకపోతే నీళ్ళ మీద తేలి, కాళ్ళు ఆడించి మళ్ళీ ఎగురుతుంది. సబ్బు కలిస్తే మునుగుతుంది.

మాంసాహారులు చేప తల గానీ, మటన్ తునక గానీ ఎరగా పెట్టవచ్చు. గూట్లో పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు పెద్ద కందిరీగలు మాంసం కోసమే తిరుగుతాయి. దీనికి సిర్కా అక్కరలేదు, మాంసానికి తేనెటీగ రాదు. అడుగున సబ్బు నీళ్ళు పోసి, మాంసాన్ని దారంతో ఆ నీళ్ళకు పైన వేలాడదీయాలి. వాసన భరించలేరు కాబట్టి ఇంటికి బాగా దూరంగా కట్టాలి.

పొలంలో కొట్టే పురుగుల మందు ఎరలో ఒక్క చుక్క కూడా కలపవద్దు. పిల్లి తాగుతుంది, కాకి తాగుతుంది, పిల్లవాడు తాగుతాడు. అసలు కూల్‌డ్రింక్ సీసాలో గోధుమ రంగు నీళ్ళు కనిపిస్తే ఏ పిల్లవాడికైనా చేయి పోతుంది. కాబట్టి సీసాకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి, పిల్లలకు చూపించి చెప్పండి, వాళ్ళ చేతికి అందకుండా కట్టండి.

ఎక్కడ, ఎప్పుడు కట్టాలి

చాలామంది గుమ్మానికే కడతారు. అది తప్పు. బోను కందిరీగను తరమదు, పిలుస్తుంది. గుమ్మానికి కడితే గుమ్మంలోకే పిలిచినట్టు. ఇంటికి, కూర్చునే చోటుకి పదిహేను, ఇరవై అడుగుల దూరంలో కట్టండి. అవి వచ్చే దారి ఏదో నాలుగు రోజులు గమనించి, ఆ దారిలో మనకంటే ముందు బోను ఉండేటట్టు చూడండి. మన గల్లీల్లో ఇరవై అడుగులంటే పక్కవాళ్ళ గుమ్మం వస్తుంది. అందుకే ఇది ఒక్క ఇంటివాళ్ళు చేసుకునే పని కాదు. వరుసలోని నాలుగు ఇళ్ళ వాళ్ళు కూర్చుని, వరుస రెండు కొసల్లోనూ, ఎవరూ కూర్చోని చోట కట్టుకోవాలి. బోను చూసే వంతులు కూడా వేసుకోవాలి. మిల్లులో పక్క మనిషి సాంచా ఆగితే మనం చూడలేదా? ఇదీ అంతే.

కట్టడానికి మంచి కాలం మార్చి నుంచి మే దాకా. అప్పుడు కొత్త గూళ్ళు మొదలవుతాయి. ఆ రోజుల్లో సీసాలో పడిన ఒక్క పెద్ద ఈగ గూడు పెట్టబోయే రాణి అయి ఉండవచ్చు. అది పోతే ఆ ఏడు ఒక గూడు తగ్గినట్టే. వానలు వెళ్ళి సెప్టెంబరు నుంచి నవంబరు వచ్చేసరికి గూళ్ళలో జనం బాగా పెరుగుతారు. అప్పుడు బోను పెడితే తిరిగేవి కొన్ని పడతాయి, గుమ్మంలో రద్దీ తగ్గుతుంది. గూడు మాత్రం పోదు. లోపల రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఈ తేడా తెలియక, "పది పడ్డాయి, ఇక భయం లేదు" అని గూటి దగ్గరికి వెళ్ళవద్దు.

బోను కట్టి మరిచిపోకూడదు. మన ఎండకు రెండు రోజుల్లో నీళ్ళు ఇంకిపోతాయి. రెండు రోజులకొకసారి చూసి, మూడు నాలుగు రోజులకు ఎర మార్చండి. మార్చడం చీకటి పడ్డాక గానీ, తెల్లవారకముందు గానీ చేయాలి. బతికి కొట్టుకునేవి ఉంటే సీసాను అలాగే సబ్బు నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంచండి. చచ్చినవాటిని చేత్తో తీయవద్దు. చచ్చిన కందిరీగ ముల్లు కూడా గుచ్చుకుంటుంది. వట్టి కాళ్ళతో తిరిగే పిల్లలు తొక్కకుండా గుంట తీసి పూడ్చండి. రెండు వారాలు చూసినా తేనెటీగలు, సీతాకోకచిలుకలే పడుతున్నాయంటే ఆ బోను తీసేయండి. అక్కడ దాని అవసరం లేదని అర్థం.

గోధుమ రంగు కాగితం సంచి ఉబ్బించి వేలాడదీస్తే, మరో గూడు అనుకొని రావని కొందరు చెబుతారు. మేము అదీ చేశాం. ఆ సంచికి జానెడు దూరంలో సన్న కందిరీగలు నిమ్మళంగా గూడు కట్టుకున్నాయి.

గూడు కనిపిస్తే

సన్న కందిరీగల గూడు ఎవరూ తిరగని చోట ఉంటే వదిలేయండి. గుమ్మం మీదనో, పిల్లలు ఆడే చోటనో ఉంటే నాలుగైదు అరలు ఉన్నప్పుడే తీసేయాలి. అందుకు వారానికి ఒకసారి చూరు కింద చూసుకోవాలి. బాగా చీకటి పడ్డాక, నిండా బట్టలు వేసుకొని, మెడ చుట్టూ తువ్వాలు కట్టుకొని, చిక్కటి సబ్బు నీళ్ళు పిచికారీతో గూటిని తడపండి. రెక్కలు తడిసి కిందపడతాయి. తర్వాత పొడుగు కర్రతో గూడు రాల్చండి. టార్చి మీద పల్చటి ఎర్ర కాగితం కట్టుకోండి. ఎర్ర వెలుతురు వాటికి సరిగా కనిపించదు. ఇంతకు ముందు కందిరీగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళు ఈ పనికి రావద్దు. గూడు అరచేయి కంటే పెద్దదైతే ఎవరూ చేయవద్దు.

పెద్ద కందిరీగల గూడు జోలికి మనం వెళ్ళకూడదు. గోడ రంధ్రాన్ని మట్టితోనో సిమెంటుతోనో మూసేయాలనిపిస్తుంది. మూస్తే అవి లోపలి నుంచి తొలుచుకొని ఇంట్లోకే వస్తాయి. కిరోసిన్, పెట్రోలు పోయవద్దు. నిప్పు అసలే వద్దు. మా కథ విన్నారు కదా. ఆ చుట్టుపక్కల రాకపోకలు ఆపి, అగ్నిమాపక దళానికి గానీ, పురుగులను తీసే పని తెలిసినవాళ్ళకు గానీ చెప్పండి. దానికయ్యే ఖర్చు వరుసలోని ఇళ్ళన్నీ తలా కొంత వేసుకుంటే ఒక్కరి మీద పడదు.

కారఖానాలో సాంచాల మీద కప్పు కింద గూడు ఉంటే మరీ జాగ్రత్త. అక్కడ గాలిలో దూది, నేల మీద దూది. ఒక్క నిప్పురవ్వ చాలు. మాలకుకు చెప్పి, పని లేని వేళ తీయించండి. పనిలో ఉండగా ఎవరికైనా కుడితే ప్రమాదాల పుస్తకంలో రాయించండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు వెంటనే ఆసుపత్రిలో చూపించుకొని కాగితం తీసుకోండి. పనిలో గాయపడి పనికి పోలేని రోజులకు ఈఎస్ఐలో వేతనంలో నూటికి 90 వంతులు ఇచ్చే ఏర్పాటు ఉంది. కందిరీగ కుట్టడం పనిలో గాయమేనని మనం వాదించాలంటే ముందు అది కాగితం మీద ఉండాలి.

కుట్టినప్పుడు

ఇది అందరూ వినండి, పిల్లలు కూడా వినండి.

చేతులు ఊపవద్దు. మొహం కప్పుకొని ఆ చోటు నుంచి దూరంగా, వీలైతే ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకోండి. కుట్టిన చోట సబ్బుతో కడగండి. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ గానీ, గుడ్డలో చుట్టిన మంచు ముక్క గానీ పెట్టండి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. లోపల ముల్లు కనిపిస్తే అది తేనెటీగ. వెంటనే గోటితో గీకి తీసేయండి. నొప్పి, వాపు ఆ చోటే ఉంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

కానీ కుట్టిన టైము చూసుకోండి. ఆ తర్వాత కనీసం గంట సేపు ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, పెదవులు, నాలుక, మొహం వాయడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం, ఆగకుండా వాంతులు కావడం, వీటిలో ఏది కనిపించినా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు ఆటో దొరికితే ఆటోలోనే వెళ్ళండి. ఆసుపత్రిలో అడ్రినలిన్ సూది వేస్తారు. ఆ స్థితిలో ప్రాణం నిలబెట్టే మందు అదే. తోవలో ఆ మనిషిని నడిపించవద్దు. ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి. కళ్ళు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి.

ఇంకా రెండు సంగతులు. నోట్లో గానీ గొంతులో గానీ కుడితే ఏ లక్షణం కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. చెరుకు రసం గ్లాసులోకి ఒకసారి చూసి తాగండి. అలాగే ఒకేసారి చాలా చోట్ల కుడితే, అప్పటికి బాగానే ఉన్నా చూపించుకోవాలి. విషం ఎక్కువైతే తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రం నల్లగా, ఎర్రగా రావడం దానికి గుర్తు. పిల్లల విషయంలో ఇంకా తొందరపడాలి.

సున్నం, ఉల్లిపాయ, ఇనుప ముక్క, మన ఇళ్ళలో ఎన్నో వైద్యాలు ఉన్నాయి. వాటితో పోట్లాడటానికి మేము రాలేదు. వాటి కోసం ఆ మొదటి అరగంట ఖర్చు పెట్టవద్దని మాత్రమే చెబుతున్నాం. ఇరవై ఎనిమిదేళ్ళకు పైగా అయింది. ఆ అరుగు మీద బావ గొంతు మారిన క్షణం మాకు ఇంకా వినిపిస్తుంది. మాకు అప్పుడు ధైర్యం ఉంది, తెలివి లేదు. వదినకు రెండూ ఉన్నాయి కాబట్టి బావ ఇవాళ ఇక్కడ ఉన్నాడు.

మా మాట ఇక్కడితో ముగిస్తాం. బల్ల మీద ఖాళీ సీసాలు, కత్తెరలు, బెల్లం, సిర్కా పెట్టాం. ఇప్పుడు ఇంటికొకరు వచ్చి ఒక్కో బోను కట్టుకొని పొండి. ఎలా కోయాలో మొదటిది వదిన చేసి చూపిస్తుంది. ఎరను ఇక్కడే సీసాలో పోయవద్దు, మన ఆఫీసు గుమ్మంలోకి కందిరీగలు రావడం మాకు ఇష్టం లేదు. సున్నపు డబ్బీలు మాత్రం ఎవరివి వాళ్ళ జేబుల్లోనే ఉంచుకోండి. అది తమలపాకుకే.